మూగ టీవీలో వచ్చిన పేరు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. ముప్పై ఏళ్ళకు పైగా నాట్లు వేశాను, కోతలు కోశాను. తెల్లవారకముందే పొలానికి బయలుదేరేవాళ్ళం. దారి సమాధుల పక్కనుంచే. తోటి ఆడవాళ్ళు ఒకరి కొంగు ఒకరు పట్టుకుని నడిచేవాళ్ళు. నేను ముందు నడిచేదాన్ని. బతికున్నవాళ్ళతోనే వేగలేకపోతున్నాం, పోయినవాళ్ళకి మనతో ఏం పని అనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను.

అయినా ఇది రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. నేను పొరబడి ఉండే వీలు ఎక్కడుందో అదీ రాస్తాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై రెండేళ్ళ వయసులో. వాక్యం వంకర పోతే సర్దుకోండి. విషయంలో మాత్రం వంకర లేదు.

నా పేరు మరియమ్మ. మాది చల్లపల్లి దగ్గర పల్లె. ఆరేళ్ళ కిందట మా ఆయన ఏసోబు పోయాక, భవానీపురంలో మా అబ్బాయి ప్రసాదు దగ్గరికి వచ్చేశాను. పై వాటా, రెండు గదులు. ప్రసాదు ఒక ఆఫీసులో అటెండరు. కోడలు సుగుణ వన్‌టౌన్‌లో బట్టల షాపులో చేస్తుంది. మనవరాలు జెస్సీ ఎనిమిదో తరగతి, ఇంగ్లీషు మీడియం.

పోయిన వానాకాలంలో దగ్గర్లో పిడుగు పడి మా టీవీ కాలిపోయింది. అదే నెలలో ప్రసాదు ఆఫీసులో కంప్యూటర్లు మార్చారు. పాత మానిటర్లు కావాలంటే తీసుకుపొమ్మన్నారంట. ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. కేబుల్ డబ్బా తీగ దాని వెనక గుచ్చాడు. బొమ్మ వచ్చింది.

"చూశావా అమ్మా, టీవీ అయితేనేం, మానిటరైతేనేం" అన్నాడు.

బొమ్మ వచ్చింది గాని మాట రాలేదు. ఆ మానిటరుకి స్పీకర్లు లేవంట. ఆ సంగతి వాడికీ అప్పుడే తెలిసినట్టుంది. కాసేపు రిమోటు నొక్కి, నొక్కి, తల గోక్కుని, "స్పీకర్లు తెస్తాలే" అన్నాడు. వాడి 'తెస్తాలే' సంగతి నాకు తెలుసు.

కింద వాటా ఆవిడ మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఏం పిన్నిగారూ, మీ టీవీ మౌనవ్రతం పట్టిందంటగా?" అని నవ్వింది.

"అవునమ్మా. మా వంతు కూడా మీదే అరుస్తుందిగా" అన్నాను.

సీరియల్లో మనుషులు నీళ్ళు తీసేసిన చెరువులో చేపల్లా నోళ్ళు తెరుస్తారు, మూస్తారు. నాలుగు రోజులు చూసి విసుగొచ్చింది. ఆ తర్వాత అర్థమైంది, మాట లేని టీవీలో చదవడానికి చాలా ఉందని. బొమ్మ కింద ఎప్పుడూ అక్షరాలు పరుగెడుతూనే ఉంటాయి. పాత టీవీలో ఆ చివరి వరుస సగం అంచు కిందకి పోయేది, అక్షరాలకి కాళ్ళు కనిపించేవి కాదు. మానిటర్లో బొమ్మ అంచుదాకా నిండుగా వచ్చేది. ఎందుకో ప్రసాదు చెప్పాడు, నాకు ఎక్కలేదు.

మధ్యాహ్నం మూడింటికి మా కేబుల్లో ప్రార్థన కార్యక్రమం వస్తుంది. పాస్టరుగారు చేతులు ఊపుతూ చెబుతుంటారు. ఏం చెబుతున్నారో నాకు వినపడదు. కింద మాత్రం ప్రార్థన కోరినవాళ్ళ పేర్లు వెళుతుంటాయి. పేరు, కష్టం, ఊరు. ఆ వరుస అయిపోగానే మళ్ళీ మొదటినుంచి వస్తుంది.

వేలు పెట్టి చదివే అలవాటు నాది. పుస్తకంలో అక్షరం కదలదు గాబట్టి సరిపోయింది. ఇక్కడ పేరు పరుగెడుతుంది. దాని వెంట నా వేలూ పరుగెత్తేది. మానిటరు కింద అంచంతా నా వేలి మరకలే. "అత్తయ్యా, అది అద్దం కాదు, అరిగిపోతుంది" అని సుగుణ రోజూ తుడిచేది. మొదట్లో పేరు అందితే ఊరు జారిపోయేది. రెండు నెలలకి మూడూ అందుకున్నాను. డెబ్బై ఏళ్ళ వయసులో పరుగు నేర్చుకున్నానని నాకు లోపల గర్వంగానే ఉండేది.

ఇప్పుడు కళ్ళ సంగతి చెప్పాలి.

నాకు రెండు కళ్ళకీ శుక్లాలు. ఎడమది బాగా ముదిరింది. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషను కష్టమవుతుందని డాక్టరుగారు గట్టిగానే చెప్పారు. సుగుణ సోమవారానికి తారీఖు తీసుకుంది. నేను రానన్నాను.

నా భయానికి కారణం ఏసోబు. ఆయనకి ఒక కన్ను కోతల్లో వరికంకి గుచ్చుకుని పోయింది. రెండో కంటికి శుక్లం వస్తే ఆపరేషను చేశారు. బాగానే చేశారు. తలకి నీళ్ళు తగలనివ్వొద్దని పదిసార్లు చెప్పి పంపారు. ఐదో రోజు ఉక్క భరించలేక ఈయన కాలవలో మునిగాడు. చీము పట్టింది, కన్ను పోయింది. తప్పు ఆయనదే. నా బుద్ధికి ఆ సంగతి తెలుసు. భయానికి బుద్ధి ఉండదు గదా.

"ఉన్న మసక చాలు నాకు" అన్నాను సుగుణతో.

"మసకతో బైబిలు చదవగలరా అత్తయ్యా?"

"చదువుతూనే ఉన్నాగా."

అబద్ధం. బైబిలు ఒళ్ళో పెట్టుకుని, నోటికి వచ్చిన కీర్తనలే పెదాలతో అనుకుంటూ కూర్చునేదాన్ని. "పేజీ తిప్పకుండా చదువుతున్నావేంటి నాయనమ్మా?" అని జెస్సీ అడిగేదాకా ఎవరూ కనిపెట్టలేదు. అప్పటికి నాకు అందే అక్షరాలు ఆ మానిటరు మీదవే. పెద్దవి, వెనకనుంచి వెలుగున్నవి. మూరెడు దూరంలో కూర్చుంటే ఇంకా దొరికేవి.

నేను భయపడింది చీకటికి కాదు. నలభై రెండేళ్ళదాకా ఎలా బతికానో మళ్ళీ అలా అయిపోతానని. బస్సు బోర్డు చూసి పక్కవాళ్ళని అడగడం, కాగితం మీద వేలిముద్ర వేసి వేలు తలకి రుద్దుకోవడం. ఆపరేషను వికటిస్తే అక్షరం ఒక్కరోజులో పోతుంది. ఊరుకుంటే మెల్లగా పోతుంది. మెల్లగా పోతే ఇంకొన్నాళ్ళు ఉంటుంది కదా అనుకున్నాను.

మాకు చదువు చెప్పింది మా ఊరి చర్చి వరండాలో. పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళం. అందరం ఆడవాళ్ళమే. నేను పంచదార పొట్లం కాగితం విప్పి పైకి చదవడం ఏసోబుకి నచ్చలేదు. "దీనికి వచ్చింది నాకు రాదా" అని రెండో నెలలో ఆయనా వచ్చి కూర్చున్నాడు.

ఒకరోజు టీచరమ్మ, మీ ఇంట్లోవాళ్ళ పేరు ఒకటి రాయండి అంది. ఆయన పలక మీద వంగి చాలాసేపు రాశాడు. టీచరమ్మ తీసుకుని పైకి చదివింది.

"యరిమయ్య. ఎవరండీ ఈయన? మీ నాన్నగారా?"

"కాదండీ, మా ఇంటిది" అన్నాడు.

వరండా ఘొల్లుమంది. నేను తల ఎత్తలేదు.

మ కి, య కి వెనక తోక ఒకటే. ముందు భాగంలోనే తేడా. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అక్కడ తడబడతారు. ఒకచోట తడబడితే అనుకోవచ్చు. ఈయన మ చోటల్లా య పెట్టాడు, య చోట మ పెట్టాడు. చివరి వత్తును కూడా వదల్లేదు. మరియమ్మని తిరగేసి, మీసాలు పెట్టి, యరిమయ్యని చేశాడు.

ఆ రోజునుంచి నేను ఆయనకి యరిమయ్యనే. పిల్లాడి ముందు, నలుగురి ముందు అంటే ఊరుకోనని చెప్పాను. అనలేదు. ప్రసాదు అప్పుడు హాస్టల్లో ఉండి చదువుకునేవాడు, వాడికి ఈ సంగతి తెలియదు. వాడు వచ్చినప్పుడు "ఒసే", "ఏమే". మేమిద్దరమే ఉన్నప్పుడు "యరిమయ్యా".

ఆయన చదువు నాలుగేళ్ళు కూడా నిలవలేదు. కన్ను పోయింది. అక్కడినుంచి పద్ధెనిమిదేళ్ళు, రోజూ సాయంత్రం ఒక అధ్యాయం ఆయనకి నేను చదివి వినిపించాను. పెద్ద మాట వచ్చి ఆగితే, నులక మంచం మీదనుంచి "ఊఁ, చదువు యరిమయ్యా" అనేవాడు. చివరి వారం మాట పడిపోయింది. 'ఊఁ' మాత్రం మిగిలింది.

అది రెండో శనివారం. సోమవారం ఆపరేషను. నేను రానన్న మాట మీదే ఉన్నాను. ప్రసాదు, సుగుణ పనికి వెళ్ళారు. జెస్సీకి బడి లేదు, నేల మీద బోర్లా పడుకుని ఏదో బొమ్మకి రంగులు వేస్తోంది. మూడు దాటింది. పట్టపగలు. కిటికీ తీసే ఉంది, కింద కూరగాయల బండి అతను అరుస్తున్నాడు.

నేను మానిటరు ముందు కూర్చుని వేలు పెట్టి పేర్లు చదువుతున్నాను. మాణిక్యమ్మ, మోకాళ్ళ నొప్పులు, గొల్లపూడి. యోహాను, ఉద్యోగం, కంకిపాడు. ఆ తర్వాతి పేరు నా వేలి కిందకి వచ్చింది.

యరిమయ్య, కంటి ఆపరేషను, భవానీపురం.

వేలు ఆగిపోయింది. పేరు వేలి కిందనుంచి జారి ఎడమ పక్కకి వెళ్ళిపోయింది.

కళ్ళ మసక అనుకున్నాను. నా కళ్ళని నేను నమ్మే రోజులు కావు అవి. కొంగుతో కళ్ళు తుడుచుకుని, వరుస మళ్ళీ మొదటినుంచి వచ్చేదాకా కూర్చున్నాను.

రెండోసారి మాణిక్యమ్మ వెళ్ళింది. యోహాను వెళ్ళాడు. నేను నోరు తెరవకముందే వెనకనుంచి జెస్సీ గొంతు వినిపించింది.

"నాయనమ్మా, యరిమయ్య అంటే ఎవరు? మన భవానీపురమేనంట. ఆయనకీ నీలాగే కళ్ళ ఆపరేషను."

వెనక్కి తిరిగి చూశాను. చేతిలో రంగు పెన్సిలు పట్టుకుని, తల ఎత్తి మానిటరుకేసి చూస్తోంది.

"మళ్ళీ చెప్పు. ఏం పేరు?"

"యరిమయ్య. ఎక్కడా వినలేదు. పాతకాలం పేరా?"

మూడోసారి వరుస వచ్చేటప్పటికి అది కూడా నా పక్కకి వచ్చి కూర్చుంది. మాణిక్యమ్మ. యోహాను. మరియమ్మ, కంటి ఆపరేషను, భవానీపురం.

"అరె, మార్చేశారు! నీ పేరు నాయనమ్మా!" అంది జెస్సీ. అక్కడినుంచి కార్యక్రమం అయిపోయేదాకా ప్రతిసారీ మరియమ్మే వచ్చింది.

సాయంత్రం సుగుణ చెప్పులు విప్పుతుండగానే అడిగాను, నా పేరు టీవీకి ఎవరు పంపారని. దాని మొహం మాడిపోయింది.

"తిట్టకండి అత్తయ్యా. మీరు ఎవరి మాటా వినడం లేదు. కనీసం ప్రార్థన అయినా చేయిద్దామని నేనే ఫోన్లో రాసి పంపాను."

ఫోను చూపించింది. మరియమ్మ అనే ఉంది. గుడ్డిదీపం లాంటి నా కంటికి కూడా కనిపించేలా అక్షరాలు పెద్దవి చేసి చూపించింది. మ మ లాగే ఉంది, య య లాగే ఉంది.

టైపు కొట్టినవాళ్ళు తప్పు కొట్టి, తర్వాత దిద్దుకుని ఉంటారు అంది సుగుణ. నాకూ అదే సబబుగా తోచింది. అడగమన్నాను. వాళ్ళ ఆఫీసుకి ఫోను చేసింది. అక్కడి అమ్మాయి, పేర్లన్నీ ముందు రోజే ఎక్కిస్తామనీ, వచ్చిన మెసేజీ వచ్చినట్టే అతికిస్తామనీ, మధ్యలో ఎవరూ దిద్దరనీ చెప్పింది. "మీవాళ్ళ పేరు తప్పు పడిందాండీ? నేను చూసినప్పుడు సరిగానే ఉందే" అని ఆ అమ్మాయే ఎదురడిగింది.

ప్రసాదు, ఫాంటు తేడా అమ్మా అన్నాడు. కంప్యూటర్లో తెలుగు అక్షరాలు ఒక్కోసారి తారుమారు అవుతాయంట. అవుతాయేమో. అలాగైతే మాణిక్యమ్మకి కూడా అవ్వాలిగా. ఆవిడ పేరులో రెండు మ లు, ఒక మ వత్తు ఉన్నాయి. ఆవిడ మూడుసార్లూ మాణిక్యమ్మగానే వెళ్ళింది.

నా శుక్లాల వల్ల అనుకుందాం. మ ని చూసి య అనుకున్నాననుకుందాం. వత్తు సంగతేంటి? మ వత్తు అక్షరం కింద చిన్న మూటలా ఉంటుంది. య వత్తు కొడవలిలా పక్కకి తిరిగి ఉంటుంది. ముప్పై ఏళ్ళు కొడవలి పట్టినదాన్ని. ఎంత మసకలోనైనా కొడవలిని చూసి మూట అనుకోను, మూటని చూసి కొడవలీ అనుకోను.

జెస్సీది ఇంగ్లీషు మీడియం తెలుగు అనుకుందాం. దానికి తెలుగులో ఎన్ని మార్కులు వస్తాయో నాకు తెలుసు. కానీ దాని కళ్ళు మంచివి. మూడోసారి అదే మరియమ్మ అని సరిగా చదివింది. యరిమయ్య అన్న మాట దాని చెవిన ఎప్పుడూ పడలేదు. ప్రసాదుని మాట వరసకి అడిగాను, మీ నాన్న నన్నేమని పిలిచేవాడురా అని. "ఏమే అనేవాడు. ఇంకేమంటాడు?" అన్నాడు.

ఆ రోజు చర్చి వరండాలో నవ్వినవాళ్ళు ఇంకా కొందరు బతికి ఉండొచ్చు. వాళ్ళకి గుర్తుంటుందనీ, నా కంటి సంగతి తెలుసనీ నేను అనుకోను. అయినా రాసిపెడుతున్నాను.

ఆ రాత్రి అన్నం తింటూ, "సోమవారం ఎన్నింటికి బయలుదేరాలి?" అని అడిగాను. సుగుణ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ప్రార్థన ఫలించింది" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"ఆఁ, ఏదో ఒకటి ఫలించింది. పప్పు వెయ్యి" అన్నాను.

అసలు కారణం ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? పద్ధెనిమిదేళ్ళు నేను ఆగినప్పుడల్లా వెనకనుంచి ఆ పేరే వచ్చేది. అది వచ్చాక ఆగడం నాకు అలవాటు లేదు.

ఆపరేషను అయింది. తలకి చుక్క నీరు తగలనివ్వలేదు. ఐదో రోజు ఉక్కపోసి ఒళ్ళంతా మండిపోయింది. ఏసోబుని తిట్టుకుంటూ, తడి గుడ్డతో మెడ తుడుచుకుని కూర్చున్నాను. డాక్టరుగారు పూర్తిగా మానిందన్నాక ముందు బైబిలు తీశాను. ఆయనకి చదివి వినిపించే రోజుల్లో పెట్టిన గుర్తు, కొబ్బరి ఈనె, ఇంకా అక్కడే ఉంది. అక్కడినుంచి చదివాను. రెండో కంటికి కూడా ఒప్పుకున్నాను.

ఇప్పుడు మ వేరు, య వేరు, వత్తులు వేరు. అంతా విడివిడిగా, కడిగినట్టు కనిపిస్తోంది. మూడింటికి మానిటరు ముందు కూర్చుంటున్నాను. రోజూ చూశాను. ఆ పేరు మళ్ళీ రాలేదు.

పోయిన నెల సుగుణని పిలిచి, కృతజ్ఞతలు అని ఒక మెసేజీ పంపమన్నాను. పేరు యరిమయ్య అని రాయమన్నాను.

"అదేం పేరు అత్తయ్యా?"

"నా పేరే. నేను చెప్పినట్టు కొట్టు."

ఒక్కో అక్షరం చెప్పాను. య. ర కి గుడి. మ. య కి య వత్తు. పంపేముందు ఫోను తీసుకుని నేనే చూశాను, ఈ కొత్త కంటితో. సరిగా ఉంది. ఆఫీసు అమ్మాయికి ఫోను చేయించి, అది తప్పు కాదమ్మా, అలాగే వెయ్యమ్మా అని కూడా చెప్పించాను.

మర్నాడు మూడింటికి నేను, జెస్సీ కూర్చున్నాం. వచ్చింది.

ఎర్రయ్య, కంటి ఆపరేషను జయప్రదం, కృతజ్ఞతలు, భవానీపురం.

జెస్సీ పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ సంగతి అడిగితే, అక్షరం తప్పు పడిందనుకుని ఇంకెవరో దిద్దారండీ అంది, మధ్యలో ఎవరూ దిద్దరని మొదట చెప్పిన ఆ ఆఫీసు అమ్మాయే. కార్యక్రమం అయిపోయేదాకా ఎర్రయ్యే వెళ్ళాడు.

అక్షరం అక్షరం చెప్పి పంపితే ఆ పేరు రాలేదు. ఎవరూ పంపనప్పుడు రెండుసార్లు వచ్చింది. ఇది ఎలాగో నాకు తెలియదు. దయ్యాలు లేవని ఇప్పటికీ అంటాను. అది దయ్యమని నేను అనలేదు.

మొన్న ప్రసాదు నిజంగానే స్పీకర్లు తెచ్చాడు. డబ్బా విప్పనివ్వలేదు.